‘మా’లో లేని మనిషి

"మా అమ్మని మేమే చూసుకుంటాం. పరాయోళ్ల చేతుల్లో పెట్టే మాటే లేదు," అన్నారు బావగారు టీ కప్పు అందుకుంటూ.

ఆ కప్పు అందించిన చెయ్యి రజనిది. పది నిమిషాల కిందట అదే చెయ్యి ఆయన అమ్మగారి బెడ్‌పాన్ కడిగింది. తర్వాత సబ్బుతో రెండుసార్లు తోముకుంది, అల్లం దంచింది, పాలు పొంగిపోకుండా కాచింది, టీ వడగట్టింది. చూసుకోవడమంటే ఏమిటో ఆ చేతికి తెలుసు. మాట అన్న నోటికి మాత్రం టీలో తీపి తగ్గిందన్న సంగతి ఒక్కటే తెలిసింది. "పంచదార మర్చిపోనావేటమ్మా?" అన్నారాయన. రజని లోపలికి వెళ్లి డబ్బా తెచ్చింది.

అత్తగారు అప్పలనరసమ్మ స్నానాలగదిలో జారిపడి పందొమ్మిది రోజులైంది. తుంటి ఎముక విరిగితే ఐదో రోజున ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆరు వారాలపాటు కాలు కింద మోపకూడదన్నారు. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ రైల్వేలోనే. పెద్దాయన సింహాచలం, అంటే ఈ బావగారు, భిలాయిలో ఉంటారు. చిన్నవాడు మల్లేశ్వరరావు, రజని భర్త, రాయపూర్‌లో వ్యాగన్లు బాగుచేసే రైల్వే షాపులో టెక్నీషియన్. ఆ షాపులోనే పనిచేసి రిటైరైన తండ్రి సూర్యారావు పోయి నాలుగేళ్లవుతోంది. ఈ పందొమ్మిది రోజుల్లో పెద్దకొడుకు మూడు ఆదివారాలు వచ్చారు. వచ్చినప్పుడల్లా కిలో ఆపిల్ పళ్లు తెచ్చారు. అత్తగారికి కొరికే పళ్లు లేవు. కాబట్టి ఆ ఆపిల్ పళ్లు తురమడం కూడా రజని పనే అయింది.

రజనికి తెలీబంధా దగ్గర ఒక కంటి ఆస్పత్రిలో ఉద్యోగం. పదకొండేళ్లుగా రిసెప్షన్ కౌంటర్‌లో కాంట్రాక్టు మనిషి. ఈ పందొమ్మిది రోజులూ జీతం లేని సెలవు మీద ఉంది. చీటీలు రాయడం ఆమె పని. కానీ ఆపరేషన్ అంటే హడలిపోయే ముసలివాళ్లు ఎవరొచ్చినా "రజనీని పిలవండి" అనేవారు డాక్టర్లు. ఛత్తీస్‌గఢీ ముసలమ్మకి ఛత్తీస్‌గఢీలో, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీకి తెలుగులో, మార్వాడీ సేఠ్‌కి హిందీలో ధైర్యం చెప్పి ఆపరేషన్ బల్ల దాకా నడిపించేది ఆమే. అదంతా అన్నం తినే గంటలో. దానికి జీతం లేదు, పేరు లేదు. పోయిన నెలలో ఆస్పత్రివాళ్లకి బుద్ధి పుట్టింది. ఆ పనికో ఉద్యోగం ఉండాలని తేల్చారు. కౌన్సెలర్ అన్నారు, పర్మనెంట్ అన్నారు, రజని పేరే రాశారు. రేపు సోమవారం, ఒకటో తారీఖు, పది గంటలకి వెళ్లి సంతకం చేసి చేరాలి. చేరకపోతే వరసలో తర్వాతి పేరు పిలుస్తారు.

అందుకని రజని అన్నీ చక్కబెట్టుకునే ఉంది. దులారి అనే ఆయాని మాట్లాడింది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఉంటుంది, జీతం రజని ఇస్తుంది. మొన్న శుక్రవారం వచ్చి అత్తగారికి ఒళ్లు తుడిచి, జడ వేసి, "దాయీ కే గోడ్ మా పీరా కమ్ హే ఆజ్" అని, అంటే పెద్దమ్మ కాలిలో ఇవాళ నొప్పి తగ్గిందని నవ్వుతూ చెప్పి వెళ్లింది. అయితే అత్తగారిని పైకి లేవనెత్తాలంటే దులారి ఒక్కర్తి వల్ల కాదు. ఇంట్లో మరో మనిషి ఉండాలి. ఎన్నాళ్లు? నాలుగు వారాలు.

ఆ సంగతే ఇప్పుడు చెప్పింది. "బావగారూ, ఆయా ఉంటాది. తోడుకి మీరిద్దరూ చెరో రెండు వారాలు సెలవు పెడితే సరిపోతాది," అంది.

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిడ్నీ ఇమ్మని అడిగినట్టు చూశారు.

ఇక్కడ రైల్వే కాలనీ సంగతి ఒకటి చెప్పాలి. బయటివాళ్లు పొలాల గురించీ బంగారం గురించీ గొప్పలు చెప్పుకుంటే, ఈ కాలనీ మగవాళ్లు సెలవుల గురించి చెప్పుకుంటారు. వాడుకోని సెలవులు ఖాతాలో పేరుకుంటాయి. మూడొందల రోజుల దాకా దాచుకోవచ్చు, రిటైరైన రోజున అవన్నీ జీతమై చేతికొస్తాయి. మూడొందలు నిండిన మనిషికి కాలనీలో ఒక గౌరవం. జ్వరమొస్తే మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్తారు. పెళ్లాం పురిటికి మరదల్ని పిలిపిస్తారు. సూర్యారావుగారు అలా మూడొందలు నింపినవారే. సింహాచలం నింపి రెండేళ్లైంది. మల్లేశ్వరరావుకి రెండొందల ఎనభై ఏడు ఉన్నాయి. పండక్కి కూడా వాటిని ముట్టుకోడు.

"ఇప్పుడా? ఇన్‌స్పెక్షన్లు ఉన్నాయి. బిల్కుల్ కుదరదు," అన్నాడు మల్లేశ్వరరావు.

"అయినా ఆయా ఏటమ్మా?" అన్నారు బావగారు. "కోడలుండగా కూలిమనిషి చేత మా అమ్మకి నీళ్లు పోయిస్తే కాలనీలో ఏటనుకుంటారు? మా ఇంటా వంటా లేదు."

"రేపు నేను జాయిన్ అవ్వాలి బావగారూ."

మల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అదీ... నిన్ననే మీ ఆస్పత్రి మిశ్రా మేడంకి ఫోన్ చేసేసినాను. ఇంట్లో పరిస్థితి ఇదీ, రజని ఇంక రాదు, వేరేవాళ్లని చూసుకోండి అని చెప్పేసినాను. నీకు టెన్షన్ ఎందుకని."

ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టు, ఆవిడ పడింది బాత్రూంలో, విరిగింది ఆవిడ తుంటి, పోయింది రజని ఉద్యోగం. పదకొండేళ్లు చేసిన ఉద్యోగాన్ని పాలవాడికి రేపట్నుంచి పాలు వద్దని చెప్పినట్టు ఒక్క ఫోన్లో వద్దనేశాడు. అడగలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు, మాటల్లో వచ్చింది కాబట్టి చెప్పాడు. పైగా ఆమెకి టెన్షన్ ఎందుకనట.

నోరు తెరిస్తే గొంతు వణుకుతుందని రజనికి తెలుసు. వణికితే, "ఏడుస్తావేటి, ఇప్పుడేమైపోయింది?" అంటాడనీ తెలుసు. దుప్పట్లు ఆరిపోయాయంటూ బాల్కనీలోకి వెళ్లింది.

మా అమ్మ. మేమే. మా ఇంటా వంటా. దుప్పటి తీసి మడత పెడుతోంది గానీ చెవుల్లో ఆ ముక్కే గింగురుమంటోంది. ఎంత పొట్టి మాట! ఒక్క అక్షరం. రాయపూర్‌లో పుట్టి పెరిగిన రజనికి ఆ అక్షరం నాలుగు భాషల్లోనూ పరిచయమే. ఆస్పత్రి కౌంటర్ దగ్గర హిందీవాళ్లు "మా కో దిఖానా హై" అంటే తల్లి. "ఆంఖీ మా పీరా హే" అని ఛత్తీస్‌గఢీ ముసలమ్మ కళ్లు నులుముకుంటే, కంట్లో నొప్పి. వాళ్ల మాటలో మా అంటే ‘లో’. ఘర్ మా అంటే ఇంట్లో, ఖటియా మా అంటే మంచంలో. స్కూల్లో సంస్కృతం మాస్టారు "మా గచ్ఛ" అంటే వెళ్లకు, "మా వద" అంటే మాట్లాడకు అని పదేసిసార్లు రాయించేవారు. ఇక తెలుగులో మా ఉంది చూశారూ, అది అన్నిటికన్నా గడుసుది. మాది అని చెప్తూనే, వింటున్నవాళ్లకి ‘నీది కాదు’ అని తలుపు వేస్తుంది. మన అంటే వింటున్న మనిషి లోపలుంటుంది. మా అంటే గడప బయట.

పెళ్లై పదహారేళ్లు. 2002లో ఈ గడపలో కాలు పెట్టిన మర్నాడే మొదలైంది. "మా ఇంట్లో పప్పులో ఇంగువ వెయ్యం." "మా ఇంట్లో ఆడోళ్లు ముందు తినరు." "మా వాళ్లెవరూ ఇలగ ఎదురు మాట్లాడరు." జీతం తెచ్చి ఫ్రిజ్ కొంటే అది ‘మా ఫ్రిజ్’ అయింది, వచ్చిన చుట్టాలకి మల్లేశ్వరరావు తలుపు తీసి మరీ చూపించాడు. ఈ పదహారేళ్లలో ఆమెని ఆ మాటలోకి రానిచ్చింది ఒక్కర్తే. హారిక, ఎనిమిదో తరగతి చదివే కూతురు. హిందీలో మా, మన తేడా లేదు, అంతా హమారానే. అందుకని అది తల్లినే పట్టుకుని "మమ్మీ, ఇవాళ మా ఇంట్లో ఏం కూర?" అని అడుగుతుంది. మన ఇంట్లో అనాలే, అని రజని నవ్వుతూ దిద్దుతుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. తెలుగు సరిగ్గా రాని పిల్లకి తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తాను సొంతమనిషి కాదన్నమాట.

పోనీ పరాయిదాన్నే అనుకుందాం. పరాయిదానికి పని చెప్పరాదు కదా! మేము అన్నప్పుడు ఆమె లేదు. చూసుకుంటాం అన్నప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు. మాటలు కోటలు దాటించేది ఒకళ్లు, బెడ్‌పాన్‌లు మొయ్యవలసింది మరొకళ్లు. ఇంట్లో ఉండు, బయటికి వెళ్లకు, తల్లిలా చెయ్యి, అయినా ఇది నీది కాదు. నాలుగు భాషలూ కూడబలుక్కుని తన ఒక్కదాని మీదే పడ్డాయా ఏమిటని ఒళ్లు మండింది రజనికి. మడత పెట్టిన దుప్పటి మళ్లీ విదిలించి మళ్లీ మడత పెట్టింది.

అక్కడి నుంచే మిశ్రా మేడంకి ఫోన్ చేసింది.

"నీ భర్త చెప్పాడు, నేనూ సరే అన్నాను," అంది మేడం హిందీలో. తర్వాత కాస్త ఆగి అంది. "నీ నోటితో నువ్వు చెప్పలేదు కదా రజనీ. కాబట్టి నీ కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది. రేపు పదింటికి వస్తే నీది. రాకపోతే రెండో అమ్మాయికి ఇవ్వాల్సిందే, నా చేతిలో లేదు."

"వస్తాను మేడం," అంది రజని. అనేశాక ఆలోచన మొదలైంది. ఎలా వెళ్తుంది? ఆవిణ్ణి మంచంలో వదిలేసా?

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావగారు భిలాయి రైలెక్కేశారు. మల్లేశ్వరరావు కునుకు తీస్తున్నాడు. రజని అత్తగారి గదిలోకి వెళ్లి, ఒక పక్కకి ఒత్తిగిలించి, వీపుకి పౌడరు రాస్తోంది. కదలకుండా మంచంలో పడి ఉంటే వీపు పుండ్లు పడుతుందని డాక్టరు చెప్పాడు.

"అంతా ఇన్నానులే," అంది అప్పలనరసమ్మ గోడవైపు తిరిగే.

రజని పౌడరు రాస్తూనే ఉంది. ఈవిడా తక్కువది కాదు. మా ఇంట్లో ఇంగువ వెయ్యం అన్నది ఈవిడే.

"మా అత్త పక్షవాతమొచ్చి నాలుగేళ్లు మంచాన ఉన్నాది, తెలుసునా? అప్పుడు మనకి ఇంత పెద్ద క్వార్టరు నేదు, ఒకటే గది. పగలూ రాత్రీ నానే. మల్లేసుకి అప్పుడు ఎనిమిది నెలలు. ఒక చేత్తో పిల్లడు, ఒక చేత్తో ముసిల్ది. మీ మావ ఒక్క దినం నాగా ఎట్టనేదు. రిటైరైనప్పుడు ఆఫీసోళ్లు దండేసి, సూర్యారావు మూడొందల రోజులూ దాచుకున్న మనిషి అని చప్పట్లు కొట్టినారు. నానూ కొట్టినాను." ఆవిడ దుప్పటి అంచు లాక్కుంది. "ఎవుల రోజులే అవి? నావి కాదూ?"

రజని చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు నాకు ఆ ఆలోచన రానేదు," అంది ఆవిడ. "పౌడరు ఎక్కువైపోనాది, దులుపు."

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నువ్వు వెళ్లమ్మా అనలేదు, ఉండమనీ అనలేదు. రజని పౌడరు దులిపి, జాకెట్టు సర్ది, ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టింది. అరవై ఎనిమిదేళ్ల మొహం పసిపిల్ల మొహంలా చిన్నబోయి ఉంది. ఈవిడ మీద కోపం పెట్టుకోవాలనే చూసింది, కుదరలేదు. కోపమంతా పక్కగదిలోంచి వినబడుతున్న గురక మీదికే పోయింది.

సాయంత్రం నాలుగింటికి మల్లేశ్వరరావు లేచి, టీ తాగి, తీరిగ్గా అన్నాడు. "ఆస్పత్రివాళ్లు ఉత్త ఫోన్ మాట చాలదు, కాగితం మీద రాసివ్వమన్నారు. హిందీలో నువ్వే రాసేయ్. నీ రాత బాగుంటాది కదా. రేపు డ్యూటీకి వెళ్తూ నేను ఇచ్చేస్తాను."

పదో తరగతి దాకా విజయనగరంలో తాతగారింట్లో ఉండి తెలుగులో చదివినవాడు, హిందీ మాట్లాడతాడు గానీ రాయడం రాదు. క్వార్టరు మార్పు కోసం అర్జీ, ప్రమోషన్ కోసం విన్నపం, నల్లా బాగుచెయ్యమని ఫిర్యాదు, పదహారేళ్లుగా అన్నీ రజని రాతే. కింద సంతకం ఒక్కటే ఆయనది. షాపులో అందరూ మల్లేశ్వరరావు అర్జీ అంటే ముత్యాల్లాంటి అక్షరాలు అంటారట. ఆ పొగడ్త ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయేవాడు.

"రాస్తాను," అంది రజని.

అంత తొందరగా ఒప్పుకుంటుందని అనుకోలేదు కాబోలు, ఆయన మొహం విప్పారింది. "అది! అర్థం చేసుకున్నావు. నాలుగు నెలలు పోయాక మళ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతాదిలే ఉద్యోగం," అని సంచి పట్టుకుని కూరలకి వెళ్లాడు.

రజని కూతురి పుస్తకంలోంచి గీతల కాగితం ఒకటి చింపి, కుట్టుమిషన్ మూత మీద పెట్టుకుని కూర్చుంది. హారిక పక్కకొచ్చి, "మమ్మీ, నువ్వు జాబ్ ఛోడేస్తున్నావా?" అంది. దాని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. ఆ ఉద్యోగం వస్తే సైకిల్ కొంటానని దానికి మాటిచ్చి ఉంది. రజని దాని తల నిమిరి, "నువ్వెళ్లి నానమ్మకి నీళ్లు తాగించి రా," అంది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. ఎవరికి రాస్తున్నామో పైన, తారీఖు కుడివైపు, విషయం మధ్యలో. అలవాటైన పనే. కలం ఎక్కడా ఆగలేదు. రాసి, మడిచి, గడియారం కింద పెట్టింది.

సోమవారం పొద్దున్న ఐదున్నరకి లేచింది. అత్తగారికి మొహం కడిగింది, జావ పట్టించింది, మాత్రలు వేయించింది. హారికకి బాక్స్ కట్టి స్కూలుకి పంపింది. ఎనిమిదింటికి దులారి వచ్చింది. కాంట్రాక్టు మనిషిగా కౌంటర్‌లో కట్టుకునే నీలం చీర పక్కన పెట్టి, నెమలిపింఛం రంగు చీర కట్టుకుంది రజని. భర్తకి ఈ వారం జనరల్ షిఫ్టు, తొమ్మిదింటికి డ్యూటీ. బూట్లేసుకుంటూ, "ఈ ఆయా ఎందుకొచ్చినాది? నువ్వెక్కడికి తయారయ్యావు?" అన్నాడు.

"కాగితం అక్కడుంది చూడండి," అంది.

రాజీనామా తనే స్వయంగా ఇచ్చి వద్దామనుకుంటోందేమో అనుకున్నాడు. తీసి విప్పాడు. హిందీ చదవడం ఆయనకి నెమ్మది, ఒక్కో మాటా పెదాలతో కూడబలుక్కుంటూ చదివాడు. రెండో వరస దగ్గర పెదాలు ఆగాయి.

"ఇదేటి, మా షాపు సార్‌కి రాసినావు? ఇందులో నా పేరున్నాదేటి?"

"అవునండి. ఇరవై ఎనిమిది రోజులు సెలవు కావాలని రాశాను. మీ అమ్మగారికి ఆపరేషన్ అయింది, దగ్గరుండి చూసుకోవాలి అని కారణం రాశాను. ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం దులారి చేస్తాది. లేవనెత్తేటప్పుడు మీరు భుజం పట్టాలి. మాత్రలు ఎప్పుడెప్పుడో డబ్బా మీద తెలుగులో రాసి పెట్టాను. మీరు సంతకం చేస్తే దార్లో మీ షాపులో ఇచ్చేసి వెళ్తాను."

"నీకేమైనా పిచ్చెక్కిందేటి? రెండొందల ఎనభై ఏడు... ఇన్నేళ్లు దాచుకున్నాను!"

"ఎవరు ఎత్తుకుపోయారండీ? మీ అమ్మకేగా ఖర్చు పెడుతున్నారు."

రజని గొంతు వణకలేదు. అది చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆయన తలుపు వైపు చూశాడు, దులారి వైపు చూశాడు, చివరికి ఎప్పుడూ ఆదుకునే గది వైపు తిరిగాడు. "అమ్మా! చూసినావా? నిన్ను మంచంలో వదిలేసి నీ కోడలు ఊరేగడానికి ఎల్తన్నాది! చెప్పవేటి?"

లోపల మంచం కిర్రుమంది.

"దాన్ని ఎల్లనీరా, టైమైపోతాది," అంది అప్పలనరసమ్మ. "నువ్వు ఆ బూట్లిప్పి ఇలగ రా. నన్ను ఎత్తాల."